మాట్లాడే చిలకే కావాలా?

సమస్య

మేడమ్, మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి బట్టల షాపు ఉంది. మా బిడ్డ ఏడో తరగతి. పరీక్షలు బాగా రాస్తే చిలకను కొనిస్తామని మాటిచ్చాం. బాగానే రాసింది. అప్పట్నుంచి ఇంట్లో రోజూ ఇదే వాదన. మావారేమో కొంటే మగదే కొనాలి, మగవే మాట్లాడతాయి, మాట్లాడని చిలక దేనికి అంటారు. మా అత్తమ్మేమో ఆడదైతే నెమ్మదిగా ఉంటుంది, మగది కొరుకుతుంది, పగలంతా చూసుకోవాల్సింది నేనేగా అంటుంది. తెలిసినాయన ఒకరు రామచిలుక పిల్ల తెచ్చిస్తానన్నాడు. కచ్చితంగా మగదేనట, ఆర్నెల్లలో మనల్ని పేరు పెట్టి పిలుస్తుందట. షాపులో బడ్జీలు, కాక్‌టీల్స్ కూడా చూశాం. ఈ మాటలన్నీ వింటున్న మా బిడ్డ నిన్న రాత్రి, "ఆడది మాట్లాడకపోతే మనం తెచ్చుకోమా అమ్మా?" అని అడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు. ఏది తెచ్చుకోమంటారు?

- ఒక తల్లి, హనుమకొండ

సలహా

ముందు ఆ రామచిలుక సంగతి. దయచేసి వద్దు. మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ పిల్లల్ని చెట్టు తొర్రల్లోంచి, తల్లి దగ్గర్నుంచి లాక్కొస్తారు. ఇక 'కచ్చితంగా మగదే' అన్న మాట నమ్మకండి. మగ రామచిలుక మెడ చుట్టూ నలుపు, గులాబీ పట్టీ కనిపించడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఆడా మగా ఒకేలా ఉంటాయి.

మీరు చూసిన బడ్జీలు (మనవాళ్ళు లవ్ బర్డ్స్ అనేవి ఎక్కువగా ఇవే), కాక్‌టీల్స్ ఆస్ట్రేలియా జాతులు. షాపుల్లో దొరికేవి పంజరాల్లోనే పుట్టి పెరిగినవి. వీటిని నిశ్చింతగా పెంచుకోవచ్చు. పెద్ద బడ్జీకి ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే కండ నీలంగా ఉంటే మగది, గోధుమ రంగులో ఉంటే ఆడది. తెలుపు, పసుపు రకాల్లో మాత్రం ఈ గుర్తు పనిచేయకపోవచ్చు. బూడిదరంగు కాక్‌టీల్స్‌లో, ఎదిగిన మగదాని ముఖం నిండు పసుపు. ఆడదాని ముఖం కాస్త మసకగా, తోక అడుగున చారలతో ఉంటుంది. పిల్లల్లో ఈ తేడాలు తెలియవు.

మీవారి మాటలో కొంత నిజం ఉంది. ఈ రెండు జాతుల్లోనూ మాటలు, ఈలలు నేర్చుకునేవి ఎక్కువగా మగవే. 1,728 పదాలు నేర్చి గిన్నిస్ పుస్తకానికెక్కిన పక్ అనే బడ్జీ మగదే. కానీ మగదైనంత మాత్రాన ప్రతిదీ మాట్లాడదు. ఆడవి కూడా కొన్ని పదాలు నేర్చిన సందర్భాలున్నాయి. అత్తమ్మగారి భయం మాత్రం తిరగబడింది. బడ్జీల్లో గట్టిగా కొరికేది, పట్టుదల ఎక్కువున్నది చాలాసార్లు ఆడదే. అయినా కొరకడం, మచ్చికవడం లింగం కన్నా చిన్నప్పట్నుంచి మనుషుల చేతుల్లో ఎలా పెరిగిందన్న దాన్నిబట్టే ఎక్కువగా ఉంటాయి.

ఆడదాన్ని తెచ్చుకుంటే ఒక్క విషయంలో జాగ్రత్త తప్పదు. జత లేకపోయినా గుడ్లు పెట్టవచ్చు. ఒంట్లో కాల్షియం చాలకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి రావచ్చు. అందుకే గుడ్లు పెట్టే ప్రేరణ కలగకుండా పంజరంలో కుండ, గూటిపెట్టె పెట్టకండి. వీపు నిమరకండి. రాత్రి పది పన్నెండు గంటలు చీకటిలో నిద్రపోనివ్వండి. కాల్షియం కోసం కటిల్ బోన్ వేలాడదీయండి. కొర్రలతో సరిపెట్టక ఆకుకూరలు, క్యారెట్ ఇవ్వండి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని ముక్కుతుంటే ఆ రోజే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇక మీ అమ్మాయి ప్రశ్న. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన మాట అదే. "ఆడవి తక్కువ మాట్లాడతాయి, నిజమే. అయినా తెచ్చుకుంటాం" అని సూటిగా చెప్పండి. ఇంటికి తెచ్చుకున్న ప్రాణి ఏదో ఒకటి చేసి చూపిస్తేనే ప్రేమిస్తామన్న ఆలోచన ఆ వయసు పిల్ల మనసులో నాటుకోకూడదు. మీవారితోనూ ఈ మాటే చెప్పండి. మాటలు వస్తే సంతోషం, రాకపోతే దాన్ని మూల పడేయబోమని ముందే ఒప్పుకున్నాకే కొనండి. కాక్‌టీల్ పదిహేను, ఇరవై ఏళ్ళు బతకగలదు. మీ అమ్మాయి చదువుకోసం ఊరు దాటాక కూడా అది మీ ఇంట్లోనే ఉంటుంది.

పగలంతా దానితో గడిపేది అత్తమ్మగారు కాబట్టి చివరి మాట ఆవిడదే కావాలి. ఆవిడను, అమ్మాయిని వెంటబెట్టుకుని షాపుకు వెళ్ళండి. కళ్ళు తేటగా, ఈకలు శుభ్రంగా, హుషారుగా ఉండి, చెయ్యి దగ్గరికి తెస్తే బెదిరిపోని పక్షిని ఎంచుకోండి. మగదా ఆడదా అన్నది ఆ తర్వాత, ఎలా చూసుకోవాలో తెలుసుకోవడానికి మాత్రమే అడగండి.