మిషన్ కొనే ముందు

సిద్దిపేట అంటే గొల్లభామ చీర గుర్తుకొస్తుంది. ఆ ఊళ్ళో పది మంది ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. కాగితంతో వస్తువులు చేస్తారు. పుస్తకంలో గుర్తు కోసం పెట్టుకునే పట్టీలు చేస్తారు. వాటి మీద గొల్లభామ బొమ్మ వేస్తారు. పచ్చడి సీసాలకు అంటించే పేరు చీటీలు కూడా చేస్తారు.

అయితే తడి తగిలితే రంగు కారుతుంది. అంచులు నలుగుతాయి. అందుకని ఒక మిషన్ కొనాలనుకున్నారు. అప్పు తీసుకుంటే నెలనెలా కట్టాలి. మరి ఏ మిషన్ కొనాలి?

మిషన్లు రెండు రకాలు.

ఒకటి వేడి లామినేషన్ మిషన్. ఇది కరెంటుతో నడుస్తుంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మిషన్‌లోకి పంపాలి. కవర్ లోపల జిగురు ఉంటుంది. వేడికి ఆ జిగురు కరిగి కాగితానికి పట్టుకుంటుంది. కవర్ మందాన్ని మైక్రాన్లలో చెబుతారు. 1000 మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. 125 మైక్రాన్ల కవర్ గట్టిగా ఉంటుంది.

రెండోది చేతితో తిప్పే మిషన్. దీనికి కరెంటు అక్కర లేదు. వేడి ఉండదు. లోపల రోలు ఉంటుంది. పిడి తిప్పితే కాగితం వెనుక జిగురు అంటుతుంది. స్టిక్కర్ తయారవుతుంది. రోలు మారిస్తే కొన్నిటితో లామినేషన్ కూడా చేయవచ్చు.

చేతి మిషన్ చూసి చిన్నామె సంబరపడింది.

"అక్కా, ఇదే కొందాం. కరెంటు ఖర్చు లేదు" అంది.

"రోలు అయిపోతే ఏడ దొరుకుతది చెల్లె? ఎంతకు దొరుకుతది? అది అడుగుదాం" అంది పెద్దామె.

ఈ ప్రశ్న చాలా ముఖ్యం. మిషన్ ఒక్కసారే కొంటాం. రోళ్ళు, కవర్లు మళ్ళీ మళ్ళీ కొంటాం. ఒక కంపెనీ మిషన్‌కు ఇంకో కంపెనీ రోలు పట్టకపోవచ్చు. రోలు దొరకకపోతే మిషన్ మూలన పడుతుంది.

లెక్క వేద్దాం. ఏ మిషన్ అయినా 3000 రూపాయలు అనుకుందాం.

స్టిక్కర్: రోలు ఖర్చు 3 రూపాయలు, కాగితం 1 రూపాయి. మొత్తం 4 రూపాయలు. 5 రూపాయలకు అమ్మితే మిగిలేది 1 రూపాయి. మిషన్ డబ్బు రావాలంటే 3000 స్టిక్కర్లు అమ్మాలి.

పట్టీ: ఒక కవర్ 4 రూపాయలు. అందులో 8 పట్టీలు పడితే ఒక్కోదానికి 50 పైసలు. కాగితం, రంగు 1 రూపాయి 50 పైసలు. మొత్తం 2 రూపాయలు. 5 రూపాయలకు అమ్మితే 3 రూపాయలు మిగులుతాయి. 1000 పట్టీలు అమ్మితే చాలు.

కరెంటు, కూలి ఖర్చు ఇందులో కలపలేదు. 500 వాట్ల మిషన్ రెండు గంటలు నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది.

"అట్లయితే వేడి మిషన్ కొందామా?" అంది చిన్నామె.

"ఆగు చెల్లె. ముందు జిరాక్స్ దుకాణంల కొన్ని లామినేషన్ చేయించి అమ్మి చూద్దాం. గిరాకి ఉంటె అప్పుడు కొందాం."

అందరూ సరే అన్నారు.

జాగ్రత్తలు

పట్టీల మధ్య సందు వదిలి కవర్లో పెట్టండి. అంచు వదిలి కత్తిరించండి. కాగితం దాకా కత్తిరిస్తే నీళ్ళు లోపలికి పోతాయి.

కవర్ మూసి ఉన్న వైపు ముందుగా మిషన్‌లోకి పంపండి.

దుకాణాల్లో మిషన్ మీద అచ్చయ్యే బిల్లులు చాలావరకు వేడికి నల్లబడతాయి. వాటిని వేడి మిషన్‌లో పెట్టకండి.

అసలు సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించకండి. మళ్ళీ ఊడదీయలేం. జిరాక్స్ కాపీకి చేయించుకోండి.

మిషన్‌ను దుకాణంలోనే నడిపించి చూడండి. బిల్లు, గ్యారంటీ కార్డు అడిగి తీసుకోండి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు.

చెప్పండి

1. పట్టీని 4 రూపాయలకే అమ్మితే ఎన్ని మిగులుతాయి? మిషన్ డబ్బు రావాలంటే ఎన్ని అమ్మాలి?

2. మిషన్ కొనే ముందు మీ సంఘం అడగవలసిన మూడు ప్రశ్నలు రాయండి.