పెద్దపేగు: మన ఒంట్లో గార్బేజ్ కలెక్టర్

జావా చదివిన వాళ్ళకి గార్బేజ్ కలెక్టర్ తెలిసే ఉంటుంది. పేరులో చెత్త ఉన్నా అది చేసేది పొదుపు. ప్రోగ్రామ్ వాడి వదిలేసిన మెమరీని మళ్ళీ వాడుకునేలా వెనక్కి తెస్తుంది. మన పెద్దపేగు కూడా అంతే. అది చెత్తకుండీ కాదు.

దీని పొడవు సుమారు 1.5 మీటర్లు. పొట్టకి కుడివైపు కింద మొదలై పైకెళ్ళి, అడ్డంగా తిరిగి, ఎడమవైపు కిందకి దిగి, మలాశయంలో ముగుస్తుంది.

ముందు నీళ్ళ లెక్క చూద్దాం. రోజుకి పేగుల్లోకి దాదాపు 9 లీటర్ల ద్రవం వస్తుంది. అందులో మనం తాగేది, తినేది కలిపి 2 లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జీర్ణరసాలు. చిన్నపేగు చాలావరకు పీల్చేసుకోగా సుమారు 1.5 లీటర్లు పెద్దపేగుకి చేరతాయి. పెద్దపేగు గోడ సోడియంని లాక్కుంటుంది, దాని వెనకే నీళ్ళు వెళ్తాయి. చివరికి మలంతో పోయేది 100–200 మిల్లీలీటర్లే. వస్తున్నా ఆపుకుంటే ఈ పీల్చుకోవడం ఆగదు, అందుకే మలం గట్టిపడుతుంది. ఎనిమిదింటి క్లాసుకి పరిగెత్తే హాస్టల్ వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెండో పని బాక్టీరియాది. మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళల్లో తాగే చోడి అంబలినే తీసుకోండి. చోళ్ళలోని పీచు చిన్నపేగులో అరగదు. పెద్దపేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన తిండి ఆ బ్యూటిరేటే. వండి చల్లారిన అన్నంలో కూడా అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుంది. అంటే చద్దన్నం మనతోపాటు బాక్టీరియాకీ భోజనమే.

విరేచనాలప్పుడు ఈ లెక్కంతా తప్పుతుంది. కలరాలో అయితే చిన్నపేగు నుంచి వచ్చిపడే నీటిని పెద్దపేగు తట్టుకోలేదు. "నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయి" అని పసిపిల్లలకి నీళ్ళు ఆపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ప్రాణం తీసేది ఆ నీళ్ళ కొరతే. సోడియం, గ్లూకోజ్ కలిసి వెళ్తే చిన్నపేగు రెండింటినీ పీల్చుకుంటుంది, వాటితోపాటు నీళ్ళు కూడా ఒంట్లోకి వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి ఎంతోమందిని బతికించారు. ఓఆర్‌ఎస్ వెనకున్న సూత్రం ఇదే.

ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. ఉప్పు కొలత మించకూడదు. తల్లిపాలు ఆపకూడదు. రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఈ కొలత ఇంట్లోవాళ్ళకి చెప్పండి.