అచ్చు కుదిరితే కలుపు సగం తీరినట్టే

కలుపు తీసే రోబోల వీడియోలు ఇప్పుడు ప్రతి రైతు ఫోన్లోనూ తిరుగుతున్నాయి. మందు చుక్క లేదు, కూలీల కోసం తిరిగే పని లేదు అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. మన కమతాలకు, మన పెట్టుబడులకు అవి ఇంకా అందేవి కావు. అయితే వాటిలో ఒకటి పనిచేసే తీరు మాత్రం ఈ వానాకాలం పత్తికే పనికొస్తుంది.

అమెరికాలో కార్బన్ రోబోటిక్స్ యంత్రం కెమెరాలతో కలుపును గుర్తుపట్టి లేజర్‌తో దాని మొవ్వను కాల్చేస్తుంది. దాని ఖరీదు కోట్లలో మాట. డెన్మార్క్‌లో తయారయ్యే ఫార్మ్‌డ్రాయిడ్ దారి వేరు. సౌర పలకల కరెంటుతో, గంటకు కిలోమీటరు కూడా దాటని నడకతో అదే విత్తుతుంది, అదే కలుపు తీస్తుంది. ఏ గింజ ఎక్కడ పడిందో ఉపగ్రహ సంకేతాలతో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, చక్కెర దుంప మొలక పైకి రాకముందే చుట్టూ నేలను గీకగలదు. దానికి కలుపు ఏదో తెలియనక్కర్లేదు, పైరు ఎక్కడుందో తెలిస్తే చాలు.

అచ్చు తోలి పత్తి గింజ పెట్టడంలో ఉన్న కిటుకూ ఇదే. నల్లరేగడిలో 60–75 మి.మీ. వాన పడి నేల బాగా తడిశాక నిలువుగా, అడ్డంగా అచ్చు తోలి, గీతలు కలిసిన చోటే గింజ పెట్టండి. 90 × 90 సెం.మీ. అయినా, 90 × 60 అయినా గుంటక రెండు వైపులా తిరుగుతుంది. చేత్తో తీయాల్సింది మొదలు చుట్టూ ఉన్న కాస్తే. చాలా చేలల్లో అచ్చు చెడేది విత్తేటప్పుడు కాదు, పోగుంటలు పెట్టేటప్పుడు. మొలవని గింజ పక్కన ఖాళీ కనిపించిన చోటల్లా గుచ్చేస్తారు. వరస నుంచి జానెడు జరిగిన మొక్క అడ్డం గుంటకకు తెగిపోతుంది, లేదా దాని కోసం గుంటకనే ఎత్తాల్సి వస్తుంది. పోగుంట కూడా గీతల కూడలిలోనే పడాలి.

అధిక సాంద్రత పద్ధతిలో, మొక్కల మధ్య 15 సెం.మీ. దూరంలో వేసేవారికి ఈ సౌకర్యం ఉండదు. అడ్డం సేద్యం కుదరదు, సాలులో కలుపు చేతి మీదే పడుతుంది. ఊళ్లో కూలీలు దొరకని రైతు మొక్కల సంఖ్యతో పాటు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

పత్తికి కలుపు పోటీ ఎక్కువగా ఉండేది మొదటి 60 రోజుల్లో. కలుపు కంటికి ఆనాక గుంటక కడదామనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. మట్టిని వేలితో గీకితే తెల్లటి దారాల్లా మొలకలు కనిపించే రోజే అసలు అదను. బ్లేడు పదునుగా ఉండాలి, రెండు అంగుళాలకు మించి దిగకూడదు. లోతుగా దిగితే పత్తి పిల్లవేళ్లు తెగుతాయి, అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు పైకొచ్చి మళ్లీ మొలుస్తాయి. ఎండ కాసే పొద్దున తోలండి. సాయంత్రం వాన ఉందని తెలిస్తే ఆగండి, తెగిన గునుగు, గలిజేరు తడి మట్టిలో మళ్లీ నాటుకుంటాయి.

గ్లైఫోసేట్ కొట్టుకోవచ్చంటూ అంటగట్టే పత్తి విత్తనాల జోలికి పోకండి. కలుపు మందును తట్టుకునే పత్తికి దేశంలో అనుమతి లేదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. పంట పోతే నకిలీ సంచి చూపించి ఎవరినీ నిలదీయలేరు.

తుంగ, గరిక ఉన్న చేలో మాత్రం గుంటకను నమ్ముకోవద్దు. గరిక ముక్కలైతే ప్రతి కణుపూ ఒక మొక్క. తుంగ పైన తెగితే కింద గడ్డ మళ్లీ లేస్తుంది. విత్తే ముందే గడ్డల్ని, తీగల్ని ఏరి ఎండలో పడేయాలి, గట్టు నీడన కాదు. వేసవి దుక్కి చేయనివారు వచ్చే ఏడాదైనా చేయాలి.

వరిలోనూ కిటుకు ఇదే. వరుసగా నాటినవారు నాటిన పదో రోజు నుంచి పది పన్నెండు రోజులకోసారి కోనో వీడర్ నడపండి. 25 × 25 సెం.మీ. ఉంటే రెండు వైపులా తిరుగుతుంది. మడిలో నీరు అంగుళం లోపే ఉండాలి. ఎక్కువైతే వీడర్ కింద కలుపు తేలుతుంది తప్ప బురదలో తొక్కుకుపోదు. పూర్తిగా ఆరినా వీడర్ కదలదు.