పాఠం 14: ఒప్పించే రచనలో అలంకారాలు

14.1 పరిచయం

వినతిపత్రంలో తేదీ, చిరునామా, విషయం, సంబోధన ఎక్కడెక్కడ రాయాలో మీరు కిందటి పాఠంలో తెలుసుకున్నారు. అది పత్రానికి ఉండవలసిన ఆకారం. ఆకారం సరిగా ఉన్నంతమాత్రాన చదివే అధికారి మనసు కదలదు. ఎదుటివారు మనతో ఏకీభవించేలా రాయడానికి మాటలను ఎలా వాడాలో ఈ పాఠంలో చూద్దాం.

అలంకారాలంటే పద్యాల్లో ఉండేవేనని చాలామంది అనుకుంటారు. పరీక్ష కోసం ఉపమకు, రూపకానికి లక్షణాలు బట్టీపట్టి ఆ తరువాత మరచిపోతారు. సంతలో బేరమాడే మనిషి, పంచాయితీలో మాట్లాడే పెద్ద, ఓట్లు అడగటానికి వచ్చిన నాయకుడు రోజూ వాడేవి కూడా అలంకారాలే. అందుకే ఈ పాఠానికి ఉదాహరణలను కావ్యాల నుంచి కాక అండమాన్ నికోబార్ దీవుల నుంచి తీసుకున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు అక్కడివారే కావచ్చు.

14.2 ఒకే శిక్ష, రెండు పేర్లు

1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం సుమారు 200 మంది ఖైదీలను అండమాన్ దీవులకు తెచ్చి దించింది. ఇలా సముద్రం దాటించి పంపే శిక్షను తెలుగులో 'ద్వీపాంతరవాసం' అన్నారు. మరొక ద్వీపంలో ఉండటం అని దాని అర్థం. మాట పెద్దదే కాని అందులో భయం లేదు. ఉద్యోగరీత్యా బదిలీ అయినవాడు కూడా ద్వీపాంతరంలో వాసం చేస్తాడు కదా!

జనం ఆ శిక్షను ఆ పేరుతో పిలవలేదు. 'కాలాపానీ' అన్నారు. హిందీలో 'కాలా' అంటే నల్లని, 'పానీ' అంటే నీరు. ఆ సముద్రంలోని నీరు నిజానికి నలుపు కాదు. నలుపు ఆ నీటిది కాదు, దాన్ని దాటి వెళ్ళేవాడి బతుకుది. ఇలా మాటకు ఉన్న అసలు అర్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరొక అర్థాన్ని తీసుకోవడాన్ని 'లక్షణ' అంటారని 9వ పాఠంలో చదివారు. పైగా సంస్కృతంలో 'కాల' శబ్దానికి మృత్యువు అనే అర్థం కూడా ఉంది. సంస్కృతం తెలిసినవారి చెవికి ఆ ధ్వని కూడా వినిపిస్తుంది.

చట్టంలోని మాట శిక్షను కేవలం ఒక ఏర్పాటుగా చూపించింది. జనం మాట దాన్ని అన్యాయంగా చూపించింది. మీరు ఒక విషయం గురించి రాయబోయే ముందు దానికి ఏ పేరు పెడుతున్నారో చూసుకోండి. వాదంలో సగం ఆ పేరులోనే ఉంటుంది. ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. అక్కడి ఇసుక, కొబ్బరిచెట్లు మారలేదు. ఆ చోటు ఎవరి కథ చెబుతుందన్నది మాత్రం మారింది.

పాఠగత ప్రశ్న 1: 'గుడిసెలు తొలగించారు', 'ఇళ్ళు కూల్చారు'. ఈ రెండు వాక్యాలూ ఒకే సంఘటనను చెబుతున్నాయనుకోండి. ఏది ఎవరి పక్షాన మాట్లాడుతోంది?

14.3 జైలును కాపాడమని అడగటం

ఇప్పుడు కష్టమైన ఉదాహరణ చూద్దాం. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలుకు ఏడు విభాగాలు ఉండేవి. నడిమి గోపురం నుంచి అవి చక్రం ఆకుల్లా చీలి ఉండేవి. (ఇక్కడ మేమే ఉపమ వాడాం. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం ఏవో గుర్తించండి.) స్వాతంత్ర్య సమరంలో ఎందరినో ఇక్కడ ఒంటరి గదుల్లో బంధించారు. 1933లో ఖైదీలు నిరాహారదీక్ష చేసినప్పుడు మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయారు. 1937 జూలైలో మళ్ళీ దీక్ష మొదలైంది. తమను స్వస్థలాల జైళ్ళకు తరలించాలన్నది ఖైదీల ముఖ్య కోరికల్లో ఒకటి. గాంధీజీ, రవీంద్రనాథ్ ఠాగూర్ తంతులు పంపారు. ఆ తరువాత ఖైదీలను దశలవారీగా ప్రధాన భూభాగానికి తరలించారు.

భూకంపం, జపాను ఆక్రమణ, స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన కూల్చివేత ముగిసేసరికి ఏడు విభాగాల్లో మూడే మిగిలాయి. ఖాళీ అయిన స్థలంలో 1960లలో ఆసుపత్రి వెలిసింది. మిగిలినదాన్ని కూల్చవద్దని పాత రాజకీయ ఖైదీలు పట్టుబట్టారు. చివరకు ప్రభుత్వం ఒప్పుకొంది. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దాన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

వారి పని ఎంత కష్టమైనదో ఆలోచించండి. రెండో పక్షం అడిగింది ఆసుపత్రి. రోగులకు మంచాలు కావాలనేవారిని దుర్మార్గులనడం కుదరదు. ఇటు కాపాడమని అడుగుతున్నదేమో జైలు. దాన్ని చూసి ఎవరూ 'ఎంత అందమైన కట్టడం!' అనరు. ఇలాంటి సందర్భంలో మీరు అర్జీ రాయవలసి వస్తే ఎలా రాస్తారు? కింది రెండు ముక్కలు ఈ పాఠం కోసం మేము రాసినవి.

(అ) 'ఈ జైలు భారతమాత కంట కన్నీరు! ఇది కూలితే ఆకాశం కూలుతుంది! దీన్ని కూల్చేవారు దేశద్రోహులు!'

(ఆ) 'ఆసుపత్రి అవసరమేనని మేమూ ఒప్పుకుంటున్నాం. ఆసుపత్రిని మరొక చోట కట్టవచ్చు. ఈ గదులను మరొక చోట కట్టగలమా? ఇవి రాళ్ళు కావు, సాక్షులు.'

(అ)లో రూపకం, అతిశయోక్తి వరసగా వచ్చాయి. కాని చదివే అధికారికి ఆకాశం కూలదని తెలుసు. మొదటి అబద్ధం పట్టుబడిన తరువాత మిగతా మాటలను కూడా ఆయన నమ్మడు. మూడో వాక్యం మరీ ప్రమాదం. ఎవరి సంతకం కోసం అర్జీ పెడుతున్నామో ఆయననే తిడుతోంది.

(ఆ) ఎదుటివారి వాదాన్ని మొదట అంగీకరించింది. తరువాత జవాబు తెలిసిన ప్రశ్న వేసింది. 'కట్టగలమా?' అంటే కట్టలేమని అర్థం. గొంతులోని విరుపు వల్ల మాటకు వేరే అర్థం రావడాన్ని మన ఆలంకారికులు 'కాకువు' అన్నారు. ఆ జవాబును రాసేవాడు చెప్పడు, చదివేవాడే తనలో తాను చెప్పుకుంటాడు. కాకువు బలం అదే. చివరి వాక్యంలో రాళ్ళు అనే ధర్మాన్ని కాదని సాక్షులు అనే ధర్మాన్ని ఆరోపించారు. ఇది అపహ్నవాలంకారం. ఒక్కసారే వాడారు కాబట్టి మనసులో నాటుకుంటుంది.

14.4 నీటి అర్జీ

సంవత్సరానికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం పడే దక్షిణ అండమాన్‌లోనూ ఎండాకాలంలో తాగునీటికి ఇబ్బంది వస్తుంది. పట్టణానికి ముఖ్యమైన నీటి ఆధారం ధనిఖారి జలాశయం. ఒక పేటవారు అర్జీని ఇలా మొదలుపెట్టారనుకోండి: 'చుట్టూ నీరే, కడవలో చుక్క లేదు.' పైకి విరోధం కనిపిస్తుంది. ఆలోచిస్తే చుట్టూ ఉన్నది ఉప్పునీరు, కడవకు కావలసింది మంచినీరు, కాబట్టి విరోధం తొలగిపోతుంది. ఇది విరోధాభాసం. ఇందులో అతిశయోక్తి అవసరమే రాలేదు. నిజమే ఆశ్చర్యకరంగా ఉన్నప్పుడు దాన్ని ఉన్నది ఉన్నట్టు పక్కపక్కన పెడితే చాలు.

తరువాతి వాక్యంలో అంకె ఉండాలి. ఎన్ని ఇళ్ళు, ఎన్ని రోజులకొకసారి నీళ్ళు, ఎన్ని బిందెలు అన్నవి మీరు లెక్కపెట్టి రాయండి. అలంకారం తలుపు తెరిపిస్తుంది, లోపలికి వెళ్ళి పని చేయించుకొచ్చేది లెక్క.

సామెతలను కూడా ఇలాగే పొదుపుగా వాడాలి. 'చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు' అనే సామెత వేసవికి ముందే రాసే అర్జీలో చక్కగా అతుకుతుంది. 'గోరుచుట్టు మీద రోకటిపోటు' కూడా మంచిదే కాని రెండూ ఒకే పేరాలో వస్తే చదివేవారి దృష్టి కష్టం మీద నుంచి సామెతల మీదికి మళ్ళుతుంది. అనుప్రాస సంగతి మరీ జాగ్రత్త. 'నీరు లేక నీరసించి నీలుగుతున్న' అని రాస్తే నవ్వు వస్తుంది. గోడమీది నినాదానికి అనుప్రాస మేలు, అర్జీకి కాదు.

పాఠగత ప్రశ్న 2: 'వానాకాలంలో మా వీధి నది, ఎండాకాలంలో మా కుళాయి ఎడారి.' ఈ వాక్యంలోని అలంకారం ఏది? దీని తరువాత ఎలాంటి వాక్యం రావాలి?

పాఠగత ప్రశ్న 3: మీ ఊరి పడవరేవులో నీడ కోసం షెడ్డు వేయించమని కోరుతూ పది వాక్యాల వినతిపత్రం రాయండి. ఒక కాకువు, ఒక అంకె తప్పక ఉండాలి. డబ్బులు లేవని చెప్పబోయే అధికారికి జవాబు కూడా అందులోనే ఉండాలి.

జవాబులు

1. మొదటిది తొలగించినవారి పక్షాన, రెండోది అక్కడ ఉన్నవారి పక్షాన మాట్లాడుతోంది. 'గుడిసె' అన్నప్పుడు పోయినది తక్కువగా కనిపిస్తుంది, 'ఇల్లు' అన్నప్పుడు అందులో ఒక కుటుంబం కనిపిస్తుంది.

2. రూపకం. వీధికి నదితో, కుళాయికి ఎడారితో అభేదం చెప్పారు. తరువాతి వాక్యంలో వీధిలో ఎంత లోతున నీరు నిలుస్తుందో, కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో రాయాలి.

3. మీ పత్రాన్ని సంపర్క తరగతిలో తోటి విద్యార్థి ఒకరికి ఇచ్చి, ఆ అధికారిగా ఉండి 'కాదు' అని చెప్పడానికి కారణాలు వెతకమనండి. ఆయన వెతికిన ప్రతి కారణానికీ ఒక వాక్యం చేర్చి, పత్రాన్ని మళ్ళీ రాయండి.