డాగ్ ఫుడ్డా, డాగ్'స్ ఫుడ్డా?

నా రూమ్మేట్ ఇంటర్ వరకూ తెలుగు మీడియం. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. అందుకే వాడి ప్రాజెక్ట్ రిపోర్ట్ దిద్దే పని నాకు పడింది. వాడు 'ది కస్టమర్'స్ డేటాబేస్' అని రాస్తే, అపాస్ట్రఫీ ఎస్ కొట్టేసి 'ది కస్టమర్ డేటాబేస్' చేశాను.

"ఎందుకు?" అన్నాడు.

"వినడానికి అదే బాగుంది."

"నీకు వినిపిస్తుంది రా, నాకు వినిపించదు కదా!"

నా పద్నాలుగేళ్ల ఇంగ్లిష్ మీడియంలో దానికి జవాబు లేదు. సిగ్గేసింది. ఆ రాత్రి కూర్చుంటే తేలింది ఇదీ.

'ది డాగ్'స్ ఫుడ్' అంటే ఆ కుక్క తిండి. మనం అనుకుంటున్న కుక్క ఒకటుంది. 'ది డాగ్ ఫుడ్' అంటే కుక్కల కోసం చేసిన తిండి. కుక్క లేని ఇంట్లోనూ ఉండొచ్చు. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, బ్రాకెట్ ఎక్కడ పెడతామన్నదే తేడా. మొదటిదాంట్లో 'ది' కుక్కకి అంటుకుంది, రెండోదాంట్లో తిండికి. మధ్యలో 'ఓల్డ్' పెట్టి చూడండి. 'ది ఓల్డ్ డాగ్'స్ ఫుడ్'లో మామూలుగా కుక్క ముసలిది. 'ది ఓల్డ్ డాగ్ ఫుడ్'లో తిండి పాతది. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే ఓల్డ్. ముసలి, పాత అని మనకి విడివిడిగా ఉన్నాయి కాబట్టి తెలుగులోకి మార్చగానే బండారం బయటపడుతుంది.

అసలు మనం తడబడేది ఎందుకంటే, తెలుగులో ఒకే రూపం రెండు పనులూ చేస్తుంది. 'మా ఇంటి తాళం' అన్నా 'ఇంటి భోజనం' అన్నా అదే 'ఇంటి'. మొదటిది ఎవరిదో చెబుతుంది, రెండోది ఎలాంటిదో. ఇంకో చిక్కు, మనం 'పుస్తకాల షాపు' అంటాం కాబట్టి 'బుక్స్ షాప్' అని రాసేస్తాం. ఇంగ్లిష్‌లో ఎలాంటిదో చెప్పే మాట ఎక్కువగా ఏకవచనమే: బుక్ షాప్, షూ షాప్. 'స్పోర్ట్స్ డే' లాంటివి గుర్తుపెట్టుకోవాల్సిందే.

అన్నీ ఇంత బుద్ధిగా ఉండవు. ఆవు పాలని 'కౌ'స్ మిల్క్' అంటారు, ఏ ఆవుదో తెలియకపోయినా! 'విమెన్'స్ హాస్టల్' కూడా అంతే. అమెరికాలో 'మదర్'స్ డే'కి అపాస్ట్రఫీ ఉంది, 'వెటరన్స్ డే'కి లేదు. ఆ రోజు మాజీ సైనికుల సొత్తు కాదు, వాళ్లని గౌరవించే రోజు అని అక్కడి ప్రభుత్వ వివరణ.

ఇదంతా చెప్పాక రూమ్మేట్ నా రిపోర్ట్ తీసుకున్నాడు. రెండో పేజీలో 'ది స్టూడెంట్'స్ పోర్టల్' దగ్గర వేలు పెట్టి, "ఏ స్టూడెంట్‌ది రా?" అన్నాడు.