తొలి పారితోషికం

హైదరాబాదు నగరంలో పంజాగుట్ట నుండి అమీర్‌పేట వైపు సాగే రహదారిపై ప్రతిదినం ఎందరో యువతీయువకులు ఉపాధిని వెదుకుతూ నడుస్తుంటారు. కంప్యూటరు విద్య కోసం వచ్చేవారు అధికం. గానవిద్యనే జీవనాధారం చేసుకోవాలని తలచేవారూ వారిలో ఉంటారు. ఆ చేరువలోనే సారథీ స్టూడియో ఉన్నది. 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులో రూపొందిన తొలి తెలుగు చిత్రంగా పేరొందింది. అది ఈ స్టూడియోలోనే నిర్మితమైనది. అంతకు పూర్వం తెలుగు గాయకునికి చలనచిత్రాలలో అవకాశం లభించాలంటే మద్రాసు చేరడం తప్ప మార్గాంతరం లేదు. ఆ బాటలో నడిచి, గానాన్ని గౌరవప్రదమైన వృత్తిగా నిలిపిన మహనీయుడు ఘంటసాల వేంకటేశ్వరరావు.

ఘంటసాల 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూర్యనారాయణ గాయకుడు, మృదంగ విద్వాంసుడు. ఆయన నారాయణతీర్థుల తరంగాలు పాడుతుంటే బాలుడు వాటికి అనుగుణంగా నాట్యం చేసేవాడు. బాల్యంలోనే తండ్రి గతించారు. తాను సంగీత విద్వాంసుడు కావాలన్న తండ్రి కోరిక మాత్రం ఆ బాలుని మనస్సులో చెరగని ముద్ర వేసింది.

ఆ కోరిక నెరవేర్చుకోవడానికి ఆయన విజయనగరం చేరారు. అక్కడి సంగీత కళాశాలలో విద్య ఉన్నది కాని చేతిలో ధనం లేదు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి విద్యాదానం చేశారు. ఆకలి తీరడానికి మధుకరమే శరణ్యమైంది. జోలె పట్టి ఇంటింటా అన్నం యాచించడం అభిమానవంతునికి సులభం కాదు. అయినా విద్యకోసం ఆయన ఆ అవమానభారాన్ని సహించారు.

విద్య ముగిసిన పిమ్మట ఆయన స్వగ్రామం చేరి ఉత్సవాలలో, వివాహాలలో పాడారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్ళారి సమీపంలోని అలీపురం కారాగారంలో శిక్ష అనుభవించారు. 1944లో సావిత్రిని వివాహమాడారు. అత్తవారి ఊరైన పెదపులివర్రులో రచయిత సముద్రాల రాఘవాచార్యులు ఆయన గానం విని, మద్రాసుకు రమ్మని ప్రోత్సహించారు.

మద్రాసులో అవకాశాలు వెంటనే తలుపు తట్టలేదు. 1944లో వచ్చిన ‘సీతారామ జననం’లో బృందగానంలో ఒక గొంతుగా పాడారు, చిన్న వేషమూ ధరించారు. ఆకాశవాణిలో లలితగీతాలు ఆలపించారు. చిన్న పని అని దేనినీ తృణీకరించలేదు. బి.ఎన్.రెడ్డి దర్శకత్వం వహించిన ‘స్వర్గసీమ’ (1945)లో భానుమతితో కలిసి యుగళగీతం పాడే అవకాశం అప్పుడు లభించింది. అందుకు ఆయన పొందిన పారితోషికం 116 రూపాయలు.

నూటపదహార్లు! తెలుగువారు విద్వాంసులను సత్కరించేటప్పుడు తాంబూలంలో ఉంచే మొత్తమది. జోలెలో పడిన అన్నం దాతల దయకు గుర్తు. ఈ ధనం గాయకుని శ్రమకు ప్రతిఫలం. ఒకప్పుడు యాచించిన చేయి ఇప్పుడు తన విద్యకు తగిన విలువను అందుకొన్నది. కళకు ధనం తీసుకోవడం కళను అమ్ముకోవడం కాదనీ, అది శ్రమను గౌరవించడమేననీ ఈ ఘట్టం తెలుపుతున్నది.

తదనంతరం ఘంటసాల 1949లో ‘మనదేశం’ చిత్రానికి సంగీత దర్శకత్వం వహించారు. 1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన దివంగతులయ్యారు.

నేటి యువగాయకునికి మద్రాసు ప్రయాణం అవసరం లేదు. రేడియో శ్రవణ పరీక్షలు, టెలివిజన్ పోటీలు, వివాహ వేదికలు, రికార్డింగ్ స్టూడియోలు హైదరాబాదులోనే ఉన్నాయి. చట్టం కూడా అండగా నిలుస్తున్నది. 2012 నాటి కాపీరైటు చట్ట సవరణ గాయకులకు తమ గానంపై రాయల్టీ పొందే హక్కును కల్పించింది. అయితే ఆ హక్కు తెలియనివారికి అది అక్కరకు రాదు. కనుక పాడబోయే ముందే ప్రతిఫలాన్ని స్పష్టంగా మాట్లాడుకోవడం, ఒప్పందాన్ని లిఖితపూర్వకంగా పొందడం వివేకవంతుల లక్షణం.

అవకాశాలు పెరిగినా సాధనకు ప్రత్యామ్నాయం లేదు. బృందగానంలో ఒక గొంతుగా నిలవడానికి సంకోచించనివారే ఏకగానానికి అర్హులవుతారు. విజయనగరం వీథుల్లో జోలె పట్టిన విద్యార్థి తెలుగువారి గుండెల్లో నిలిచిన గాయకుడు కావడానికి ఆయన స్వరంతోపాటు ఆయన సహనమూ కారణమే.