తెర ఆరిపోతే ఎవరిని పిలుస్తారు? బోట్ల కరెంటు పనిలో కొలువులు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే గ్రూప్స్, బ్యాంకు, రైల్వే, పోలీసు కోచింగ్ బోర్డులు చైతన్యపురి వైపు వరసకట్టి కనిపిస్తాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడో, డిప్లొమాలో ట్రిపుల్‌ఈనో పూర్తిచేసి నోటిఫికేషన్ కోసం కాచుకున్న కుర్రాళ్లకు ఇక్కడి హాస్టళ్లలో కొదవలేదు. వాళ్లలో ఎక్కువమందికి తట్టని పని ఒకటుంది. ఎల్‌బీ నగర్‌లో రాత్రి విశాఖ బస్సెక్కితే మర్నాడు ఉదయానికి చేరే ఫిషింగ్ హార్బరులో ఆ పని దొరుకుతుంది.

చేపల వేటకు వెళ్లే మరబోట్లలో ఎకో సౌండర్, జీపీఎస్, వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటాయి. ఎకో సౌండర్ నీళ్లలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి లోతునూ చేపల గుంపులనూ తెరమీద చూపిస్తుంది. చేపలు దొరికే చోట్లను ఉపగ్రహ సమాచారంతో అంచనా వేసి చెప్పే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. కానీ అక్కడికి వెళ్లాక బోటు కింద ఏముందో చూపాల్సింది ఈ ఎకో సౌండర్ సెట్టే. అది ఆరిపోతే డీజిలు దండగ.

సెట్టు పాడైందనుకునే సందర్భాల్లో చాలాసార్లు తప్పు సెట్టుది కాదు, దానికి అందే కరెంటుది.

ఒక లక్షణం తీసుకుందాం. బోటు ఆగి ఉన్నంతసేపూ తెర బాగానే ఉంటుంది. సరంగు ఇంజిను స్టార్ట్ చేయగానే ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి వెలుగుతుంది. పని తెలియనివాడు సెట్టు విప్పుతాడు. తెలిసినవాడు మల్టీమీటరు తీసి ముందు బ్యాటరీ దగ్గర కొలుస్తాడు. నిండుగా ఛార్జయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 దాకా చూపాలి. 12కు దిగిందంటే చాలావరకు ఖాళీ అయినట్టే. బ్యాటరీ బాగుంటే సెట్టు వెనక ప్లగ్గు దగ్గరికి వస్తాడు. కిటుకంతా ఇక్కడే. ప్లగ్గు ఊడదీసి కొలిస్తే 12.5 కనిపించి మురిపిస్తుంది. సెట్టు ఆన్‌లో ఉంచి కొలిస్తే అదే చోట 10.8కి పడిపోవచ్చు. ఉప్పుగాలికి రాగితీగ చిలుము పట్టి, మెలితిప్పి టేపు చుట్టిన అతుకులో నిరోధం పెరిగితే జరిగేది ఇదే. దానికి తోడు స్టార్టర్ మోటారు వందల ఆంపియర్లు లాగేసరికి బ్యాటరీ వోల్టేజీ కూడా కుంగుతుంది. చాలా సెట్లు 10 వోల్టుల కిందికి వెళ్తే పనిచేయవు.

తప్పు ఏ తీగలో ఉందో పట్టుకోవాలంటే, సెట్టు ఆన్‌లో ఉండగానే మీటరు ఒక మొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని ప్లగ్గు ప్లస్ మీద పెట్టాలి. ఈ తేడా, మైనస్ వైపు తేడా కలిపి 12 వోల్టుల్లో 3 శాతం, అంటే 0.36 వోల్టులు దాటకూడదు. కాబట్టి అదే పరీక్ష మైనస్ వైపు కూడా చేయాలి. చాలామంది మరిచేది దీన్నే. తగరం పూత ఉన్న తీగ, గట్టిగా నొక్కిన లగ్గు, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం, బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ఫ్యూజు లైను ఉంటే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని రాగిపోగు చుట్టడం మాత్రం బోటుకు నిప్పు పెట్టడమే.

ఓం సూత్రం పరీక్షలో రాసినవాళ్లు ఎందరో. పడవ ఊగుతుంటే దాన్ని వాడగలవాళ్లు కొందరే, జీతం వాళ్లకే. జపాన్‌లో ఫురునో సోదరులు రేడియో మరమ్మతులు, పడవల కరెంటు పనులతో మొదలై, 1948లో వ్యాపారపరంగా పనికొచ్చే తొలి ఫిష్ ఫైండర్ తెచ్చారు. ఇప్పుడు ఫురునో ప్రపంచమంతా తెలిసిన కంపెనీ.

మన దగ్గర పని పెరిగే సూచనలున్నాయి. ఇస్రో సాంకేతికతతో లక్ష ఫిషింగ్ బోట్లకు దశలవారీగా, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న ప్రారంభించింది. అమర్చాక వాటినీ ఎవరో చూసుకోవాలి. కొచ్చి కేంద్రంగా మత్స్యరంగ శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖలోనూ, చెన్నైలోనూ యూనిట్లున్నాయి. పదో తరగతి అర్హతతో వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు రెండేళ్లు నడుపుతుంది. వయోపరిమితి ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్ చూసుకోవాలి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా లేదా డిగ్రీ ఉన్నవారు కేంద్ర నౌకారవాణా డైరెక్టరేట్ (డీజీ షిప్పింగ్) ఆమోదించిన సంస్థల్లో ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు చేసి పెద్ద ఓడల వైపు వెళ్లొచ్చు. ఓడ ఉద్యోగం ఇప్పిస్తామంటూ లక్షలడిగే ఏజెంట్ల మాట నమ్మకుండా, వారికి నావికుల నియామక లైసెన్సు (ఆర్‌పీఎస్‌ఎల్) ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. బోట్లన్నీ మరమ్మతులకు ఒడ్డుకు చేరేది అప్పుడే. మెకానిక్కు దగ్గర సహాయకుడిగా చేరి పని నేర్చుకోవాలనుకునేవారు మార్చిలోనే హార్బరుకు వెళ్లి మాట్లాడుకోవడం మంచిది.